నాకు గోర్ బోలీ రాదని అబద్ధం చెప్పిన రాత్రి

పోస్టు కొంచెం పెద్దగ ఉంటది. ఓపిక ఉన్నప్పుడే చదవండి. నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లు, ఈ ఏడు సీటు కోసం చూస్తున్నవాళ్లు మాత్రం చివరి దాకా చదవాలె.

మాది ఆర్మూర్ దగ్గర ఒక తండా. నేను స్టాఫ్ నర్సును, కాంట్రాక్టు పోస్టు. చాలా ఏండ్ల నుంచి మానసిక రోగుల వార్డులో పని చేస్తున్న. ఏ ఆసుపత్రి, ఏ ఊరు అనేది రాయను. అక్కడ మంచోళ్లు చాలామంది ఉన్నరు, నా మాట వల్ల ఎవరికీ ఇబ్బంది రావద్దు. నా తప్పు మాత్రం దాచకుండా రాస్తున్న.

మా యాడి, బాపు పసుపు పనికి పోయేవాళ్లు. ఆర్మూర్ వైపు వాళ్లకు చెప్పే పని లేదు, మిగతా జిల్లాలవాళ్ల కోసం చెప్తున్న. జూన్‌లో పెట్టిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలనే ఉంటది. సంక్రాంతి దాటినంక తవ్వుడు మొదలైతది. తవ్వాలె, మండలు, కొమ్ములు వేరు చెయ్యాలె, ఉడకబెట్టాలె, కల్లంల ఎండబెట్టాలె, డ్రమ్ముల వేసి మెరుగు పట్టాలె. అప్పుడు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతది. హోలీ పండుగకు మా యాడి చేతులు పచ్చగనే ఉండేవి, ఎంత కడిగినా పోయేది కాదు. అంత కష్టం చేసినంక రేటు రాకపోతే రైతుకు అప్పు, కూలికి పస్తు. 2019 ఎంపీ ఎలక్షన్లల నిజామాబాద్ సీటుకు 185 మంది పోటీ చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటది. అందులో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఆ అప్పుల మాట వార్డుల వినని వారం నాకు లేదు.

నేను ఈ పనిలోకి రావడానికి కారణం కల్లు. 2015 సెప్టెంబర్‌లో సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసింది. మన నిజామాబాద్, అటు మహబూబ్‌నగర్ జిల్లాలల కల్లుల అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు. ఏండ్ల తరబడి తాగినవాళ్లకు ఒక్కసారిగ అది దొరకకుండా పోయింది. చేతులు వణుకుడు, నిద్ర లేకపోవుడు, ఫిట్స్, లేనిది కనబడుడు, తన మనిషినే గుర్తుపట్టకపోవుడు. వందల మంది సర్కారు దవాఖానాలకు వచ్చిన్రు. కొందరిని హైదరాబాద్ ఎర్రగడ్డకు పంపిన్రు. నేను అప్పుడు చదువుకుంటున్న.

ఒక తండా పెద్దాయనను బట్టతోని మంచానికి కట్టి ఉంచిన్రు. గోర్ బోలీల ఒక్కటే మాట అరుస్తున్నడు. అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు. ఎడ్లు చేన్ల పడ్డయి, పట్టుకోండి అంటున్నడు ఆయన. నేను దగ్గరికి పోయి మన భాషల, ‘ఎడ్లను కట్టేసినం బాపూ, పాణి తాగు’ అన్న. తాగిండు. కొద్దిసేపటికి అరుపు తగ్గింది. మందు తోనే తగ్గింది, నా మాటతోని కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆయన నా చెయ్యి పట్టుకున్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఈ వార్డుల్నే పని చెయ్యాలె అని ఆ రోజే అనుకున్న.

ఈ పని గురించి చాలామందికి తెల్వదు. గోలీలు ఇచ్చుడు, సూది వేసుడు మా పనిలో చిన్న భాగం. హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికా నర్సు 1952లో ఒక పుస్తకం రాసింది. నర్సుకూ రోగికీ మధ్య కుదిరే సంబంధమే వైద్యంలో భాగం అని ఆమె చెప్పింది. చదువుకునేటప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టిన. వార్డుల పడ్డంక అర్థమైంది. బీపీ చూడాలంటే మిషను ఉంటది. మనిషి మనసుల ఏముందో చూడాలంటే నా మనసే మిషను. మిషను ఖరాబైతే పక్కన పెట్టి వేరేది తెస్తరు. మనసు ఖరాబైతే అదే మనసుతోని మళ్ల రాత్రి డ్యూటీ.

ముప్పై దాటిన మంచాలకు రాత్రి ఒక నర్సు, ఒక వార్డు బాయ్. ఒకరు తలుపు తన్నుతుంటే ఇంకొకరు చీర కొంగు మెడకు చుట్టుకుంటున్నరేమో అని చూడాలె. తిట్లు తినాలె, ఒక్కోసారి దెబ్బలు కూడా. తిరిగి కోపం చెయ్యరాదు. మనిషిని కట్టెయ్యాలంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతి తోనే కట్టాలె, ఎందుకు కట్టినమో రాయాలె. అది మంచి చట్టం. కానీ కట్టకుండ మనిషిని శాంతపరచాలంటే పక్కన కూర్చునే మనుషులు కావాలె కదా.

దాని మీద నాకు ఇంకో పని పడ్డది. ఆ దవాఖానాల గోర్ బోలీ వచ్చే నర్సును నేను ఒక్కదాన్నే. ఏ వార్డు నుంచి అయినా ఫోన్ వచ్చేది. ‘సిస్టర్, మీ తండా మనిషి వచ్చిండు, జర వచ్చి మాట్లాడు.’ కాన్పుల వార్డు, పురుగుల మందు తాగినోళ్ల వార్డు, పిల్లల వార్డు. సెలవు నాడు ఇంట్లో ఉంటే కూడా ఫోన్ స్పీకర్ల పెట్టేవాళ్లు.

మొదట్ల గర్వంగనే ఉండె. ఒకసారి ఒక ముసలమ్మ ఒక్కతే కూర్చొని రాగం తీస్తూ ఏడుస్తున్నది, ఎవరితోనో మాట్లాడుతున్నది. చెవుల మాటలు వినబడుతున్నయేమో అని కేస్ షీట్ల రాసిన్రు. నేను పోయి విన్న. పెండ్లిల ఆడపిల్లను సాగనంపేటప్పుడు మనవాళ్లు రాగం తీసి ఏడుస్తరు చూడు, అట్ల చచ్చిపోయిన బిడ్డను తలుచుకొని ఏడుస్తున్నది. అది రోగం కాదు, దుఃఖం. డాక్టర్ సారుకు చెప్పిన. ఆయన విన్నడు, షీట్ మార్చిండు. నేను లేకపోతే ఆ అమ్మకు అక్కర లేని మందు పడేది. అందుకనే తర్వాత ఏ ఫోన్‌కూ రాను అని అనలేకపోయిన.

చెల్లెళ్లారా, నాకు తెల్వకుండ జరిగింది ఏందంటే, తెలుగుల వింటే అది ఒక కేసు. గోర్ బోలీల వింటే మా ఇంటి మాట. మా యాడి గొంతు లాగ, మా కాకి గొంతు లాగ వినబడేది. యూనిఫాం విప్పి ఇంటికి పోయినంక కూడా ఆ మాటలు విప్పి పెట్టెతందుకు జాగ లేదు. ఎవరికీ చెప్పరాదు కూడా. రోగి సంగతి బయట చెప్పరాదని రూల్ ఉంది, ఉండాలె కూడా. కానీ మనయి చిన్న తండాలు. ‘ఫలానోళ్ల కోడలు మీ దవాఖానాకు ఎందుకు వచ్చింది?’ అని బస్సుల అడుగుతరు. నాకు తెల్వదు అనాలె. తీజ్ పండుగకు పోతే మొలకల బుట్టల చుట్టూ ఆడే ఆడపిల్లలల్ల ఎవరి చేతి మీద ఏ గాటు ఎందుకు ఉందో నాకు తెలుసు. ఒక ఏడు డ్యూటీ ఉందని చెప్పి తీజ్‌కు పోలేదు. డ్యూటీ లేకుండె.

అప్పటి సంది మెల్లగ మారిన. డ్యూటీకి పోయేటప్పుడు బస్సు దిగి స్టాండ్లనే కూర్చునేదాన్ని, లేవబుద్ధి కాకపోయేది. పగలు పండుకుంటే నిద్ర రాదు, రాత్రి డ్యూటీల కండ్లు మూతబడతయి. మనుషుల పేర్లు పోయి మంచాల నంబర్లు మిగిలినయి. ‘14 ఏడుస్తుంది’ అంటే ‘ఏడవనియ్’ అన్న ఒకసారి. నాకు ఏడుపు మాత్రం వచ్చేది కాదు. దుఃఖం ఉంటే అర్థం చేసుకునేదాన్ని. ఏమీ లేకుండె. యాడి ఫోన్ చేస్తే కూడా ‘ఊ, ఊ’ అని పెట్టేసేదాన్ని.

ఒక ఫిబ్రవరిల, వరుసగ నాలుగో రాత్రి డ్యూటీ. పురుగుల మందు తాగి బతికి మా వార్డుకు మారిన ఒకామె ఉండె. మన మనిషే. రాత్రి రెండు దాటింది. ఆమె లేచి నా టేబుల్ దగ్గరికి వచ్చి, మెల్లగ గోర్ బోలీల అడిగింది, ‘బేటీ, నువ్వు గోర్ పిల్లవేనా?’ అని.

నేను తల ఎత్తకుండ తెలుగుల చెప్పిన. ‘నాకు ఆ భాష రాదమ్మా. పొద్దుగాల సార్ వస్తడు, ఆయనకు చెప్పు.’

ఆమె కొద్దిసేపు అక్కడనే నిలబడ్డది. తర్వాత పోయి గోడ వైపు తిరిగి పండుకుంది. నేను రిపోర్ట్ బుక్కుల ‘రాత్రి నిద్రపోయింది’ అని రాసిన. ఆమె నిద్రపోయిందో లేదో నేను పోయి చూడలేదు. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి రాత్రి పూట లేచి మాట్లాడుదామని వస్తే ఏం చెయ్యాలో జూనియర్లకు నేర్పేది నేనే. ఏదన్న జరిగి ఉంటే? జరగలేదు. నాలుగు రోజులకు డిశ్చార్జి అయ్యింది. జరగకపోవడం నా గొప్ప కాదు.

మనం మన వాళ్లను గోర్ అంటం, బయటోళ్లను కోర్ అంటం. ఆ రాత్రి నన్ను ఎవరూ బయటికి పంపలేదు, నేనే కోర్ అయిన.

తర్వాత నెల దాటినంక యాడితోని ఆర్మూర్ పోయిన. సామాన్లు కొనుక్కొని బస్ స్టాండ్ల కూర్చున్నం. ఒకామె వచ్చి తెలుగుల, ‘సిస్టర్, బాగున్నవా?’ అన్నది. చేతులు పచ్చగ ఉన్నయి, పసుపు పని నుంచి వస్తున్నది. నేను గుర్తుపట్టిన. మాట రాలేదు. మా యాడి ఊకుంటదా, బట్టలు చూసి, మొఖం చూసి, మన భాషల ఏ తండా, ఎవరి బిడ్డవు అని మొదలుపెట్టింది. ఇద్దరూ కూర్చున్నరు. యాడి నా వైపు తిరిగి చాయ్ తెమ్మన్నది. నేను అలవాటుగ గోర్ బోలీల్నే జవాబు చెప్పిన, ‘తెస్త యాడి’ అని.

ఆమె నన్ను చూసింది. నాకు భూమి చీలితే బాగుండు అనిపించింది. ఆమె ఏమీ అనలేదు. చాయ్ తెచ్చినంక మన భాషల, ‘నీకు మస్తు పని ఉంటది కదా బేటీ. ఆ రాత్రి నీ కండ్లు ఎర్రగ ఉండె. నేనే తప్పు టైముల వచ్చిన’ అన్నది.

తిట్టినా బాగుండు. ‘ఆ రాత్రి ఏం అడుగుదామని వచ్చినవ్?’ అన్న. ‘ఏం లేదు. నా బిడ్డ హాస్టల్ల ఉంటది. నేను మందు తాగిన సంగతి దానికి తెలిసిందా అని ఫోన్ చేసి అడగమందామనుకున్న. తెలుగుల చెప్పరాలేదు’ అన్నది.

అంతే. రెండు నిమిషాల పని. బస్ స్టాండ్ల అందరి ముందట ఏడ్చిన. చాలా నెలల తర్వాత వచ్చిన ఏడుపు. యాడికి ఏమీ అర్థం కాలేదు, నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆమె కూడా కూర్చుంది, తన బస్సు పోయేదాకా.

ఆ తర్వాతనే నాకైంది ఏందో చదివిన. దీన్ని బర్నౌట్ అంటరు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్‌ల పని చేసేవాళ్లను చూసి దీని గురించి రాసిండు. మంచి చెయ్యాలె అని ఇష్టంతోని వచ్చినవాళ్లే ఎక్కువ కాలిపోతున్నరు అని. తర్వాత క్రిస్టీనా మాస్లాక్ దీన్ని కొలిచే ప్రశ్నలు తయారు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన కొత్త జాబితాల మూడు గుర్తులు చెప్పింది. ఒళ్లు, మనసు సత్తువ అయిపోవుడు. పని మీద, మనుషుల మీద దూరం పెరుగుడు. నా పనికి విలువ లేదు, నాతో ఏం కాదు అనిపించుడు. చదువుతుంటే నా గురించే రాసినట్టు ఉండె. ఆ సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది. ఇది రోగం కాదు, పని చేసే జాగల చాలాకాలం ఉన్న ఒత్తిడిని సరిదిద్దకపోవుడు వల్ల వచ్చేది అని.

ఆ మాట నన్ను నిలబెట్టింది. అప్పటిదాకా నా గుండె చిన్నది, నాకు ఓపిక లేదు, నేను చెడిపోయిన అనుకుంటున్న. తప్పు నాది కూడా ఉంది, ఆ రాత్రి అబద్ధం నేనే చెప్పిన. కానీ ఒక్క మనిషి నెత్తి మీద పది వార్డుల భాష పెట్టింది ఎవరు? 2017 చట్టం 22వ సెక్షన్ ప్రకారం రోగికి తన జబ్బు, వైద్యం గురించి తనకు అర్థమయ్యే భాషల చెప్పాలె. అది డాక్టర్, ఆసుపత్రి బాధ్యత. సిస్టర్ చేసే మెహర్బానీ కాదు. నేను ఇన్నేండ్లు హక్కును సాయం అనుకొని చేసిన, వాళ్లు సాయం అనుకొని తీసుకున్నరు.

ఏం చేసిన అంటే, మొదట 14416కు ఫోన్ చేసిన. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఫ్రీ, రాత్రి పగలు ఉంటది. ఆ నంబర్ ఎంతోమంది రోగులకు రాసిచ్చిన నేను, నా కోసం కొట్టడానికి మూడు రోజులు పట్టింది. తెలుగుల మాట్లాడిన్రు. వేరే ఊరిల ఒక డాక్టరమ్మను కలిసిన. జీతం లేని సెలవు ఒక నెల పెట్టిన. చాలా నిద్రపోయిన. యాడితోని పోయి పసుపు ఏరిన.

తిరిగొచ్చినంక హెడ్ సిస్టర్‌కు చెప్పిన. ‘అందరికీ ఉండేదే కదా’ అన్నది. ఆమె కూడా అలసిపోయే ఉంది, కోపం రాలేదు. ఒక నోట్‌బుక్ పెట్టిన. భాష కోసం వచ్చిన ప్రతి ఫోన్ తారీఖు, వార్డు, ఎంతసేపు అనేది రాసిన. రెండు నెలలకు సగం బుక్కు నిండింది. అది తీసుకపోయి పెద్ద సారు ముందట పెట్టిన. నోటితోని చెప్పినప్పుడు అది నా బాధ, కాయితం మీద పెట్టినంక అది దవాఖానా లెక్క అయ్యింది. గోర్ బోలీ వచ్చే ఇంకో ఇద్దరిని వెతికి లిస్టుల పెట్టిన్రు. వాళ్లు ఇన్నేండ్ల సంది అక్కడనే ఉన్నరు, ఎవరూ అడగలేదు. సెలవు నాడు నాకు ఫోన్ రాదు. నాలుగు రాత్రులు వరుసగ వెయ్యరు. డ్యూటీ మారేటప్పుడు పావుగంట కూర్చొని, ఈ రోజు ఏది మనసుకు తగిలిందో ఒకరికొకరు చెప్పుకుంటున్నం. రాత్రి పూట నర్సు మాత్రం ఇప్పటికీ ఒక్కరే. గోండి, కొలామీ వచ్చేవాళ్లు ఇప్పటికీ లేరు. అంత బాగైందని అబద్ధం చెప్పను, ఒక అబద్ధం చాలు.

మన గ్రూప్‌ల నర్సింగ్ సీటు వచ్చిన చెల్లెలికి అందరం శుభాకాంక్షలు పెడతం. పెట్టండి. దానితోపాటు డ్యూటీల ఉన్న అక్కకు ఫోన్ చేసి నిద్రపోయినవా అని కూడా అడగండి. ‘నువ్వు గట్టిదానివి, నీకేం కాదు’ అనకండి. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఇంకొన్ని రోజులు దాచిపెట్టిన.

చెల్లెళ్లారా, ఈ వార్డుకు రావద్దని చెప్తలేను. రండి. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ 12 రాష్ట్రాలల చేసిన జాతీయ సర్వే ప్రకారం, మానసిక జబ్బు ఉన్న పది మందిల ఏడుగురికి పైగా వైద్యమే అందుతలేదు. అందులో మన తండాలోళ్లు, గూడేలోళ్లు ఎంతమందో ఆలోచించండి. మీరు రావాలె. కానీ ఒక్కరు కాదు, పది మంది రావాలె. భాష తెలిసిన పని చేసినప్పుడు మొదటి రోజు నుంచే రాసి పెట్టుకోండి. రాను అని ఒకసారి నిజం చెప్పుడు, రాదు అని అబద్ధం చెప్పే దాకా పోవుడు కంటే మేలు.

గ్రూప్‌ను ఒకటి అడుగుతున్న. దవాఖానాల అడిగే ఇరవై మాటలు మన భాషలన్నిటిల తయారు చేద్దాం. ‘ఎన్ని రోజుల సంది నిద్ర లేదు?’ ‘చచ్చిపోవాలె అనిపిస్తున్నదా?’ ‘ఇంట్ల ఎవరికి ఫోన్ చెయ్యాలె?’ ఇట్లాంటివి. గోర్ బోలీవి నేను రాస్త. గోండి, కొలామీ, కోయ తెలిసినవాళ్లు మీ మాటలు పంపండి. ఒక కాయితం మీద వేసి వార్డు గోడకు అతికిస్తే, మనవాళ్లు ఎవరూ డ్యూటీల లేని రాత్రి కూడా అది ఉంటది.

మొదటిది నేను రాసి పెట్టిన. ‘నీ మాట నాకు అర్థమైతది, చెప్పు.’

రామ్ రామ్.